జిన్నింగ్ మిల్లు నుంచి మడికొండ దాకా: సీవీ ఫార్మాట్లన్నీ వాడి చూశాక

ఏళ్ల తరబడి రకరకాల సీవీలతో ఉద్యోగాలకు అప్లై చేసిన మీదట చెబుతున్నాను. మన వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లకు, ముఖ్యంగా మధ్యలో రెండు మూడేళ్లు పని ఆగినవాళ్లకు, అన్నిటికంటే బాగా పనికొచ్చేది కాంబినేషన్ ఫార్మాటే. పైన నాలుగైదు లైన్లలో మనకు చేతనైన పనులు, వాటి కింద తాజా ఉద్యోగం మొదలుపెట్టి వెనక్కి తేదీలతో సహా చేసిన ఉద్యోగాలు. మిగతా ఫార్మాట్లు పనికిరావని కాదు. ఒకచోట తలుపు తీసేది ఇంకోచోట మనల్ని గడపలోనే ఆపేస్తుంది.

నేను కాకతీయ యూనివర్సిటీ బీకాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర, పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్‌తో మొదలుపెట్టాను. తర్వాత హన్మకొండలో ఒక ప్రైవేట్ హాస్పిటల్ బిల్లింగ్. పాప పుట్టాక మానేసి, ఆ టైంలోనే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కు చదివాను. ఇప్పుడు వరంగల్ దగ్గర మడికొండలో ఒక కంపెనీ ఫైనాన్స్ టీంలో ఉన్నాను. కాబట్టి అకౌంట్స్, బిల్లింగ్, ఆఫీసు పనుల వాళ్లకు నా మాట నేరుగా పనికొస్తుంది.

ముందు డీటీపీ సెంటర్ బయోడేటా. హన్మకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ఎక్కడ టైప్ చేయించినా దాదాపు ఇదే వస్తుంది. కుడి మూలన పాస్‌పోర్ట్ ఫోటో, కెరీర్ ఆబ్జెక్టివ్, చదువుల టేబుల్, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, తెలిసిన భాషలు, చివర డిక్లరేషన్, ప్లేస్, డేట్, సంతకం. "డిక్లరేషన్ తీసెయ్యి తమ్మీ" అంటే మా కాలనీ డీటీపీ అబ్బాయి "అది లేకుంటే బయోడేటా ఎట్లయితదక్కా?" అన్నాడు. అతని అనుమానంలో న్యాయం ఉంది. ప్రైవేట్ స్కూళ్లు, జూనియర్ కాలేజీలు, రైస్ మిల్లులు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలు ఇప్పటికీ ఇదే అడుగుతాయి. మిల్లు సేటు కాగితం తీసుకుని మొదట చూసేది ఊరు, తండ్రి పేరు. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా అన్నదే ఆయనకు ముఖ్యం. ఆ పనికి ఈ బయోడేటా నూటికి నూరుపాళ్లు సరిపోతుంది, ఒక కాపీ నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

ఇబ్బందల్లా దాన్నే ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు. సంతకం కావాలని ప్రింట్ తీస్తారు, సంతకం చేస్తారు, స్కాన్ చేసి పీడీఎఫ్ పంపుతారు. ఆ పీడీఎఫ్ అచ్చంగా ఒక ఫోటో, అందులో వెతకడానికి అక్షరాలుండవు. పెద్ద కంపెనీల్లో, జాబ్ పోర్టళ్లలో సీవీని ముందు సాఫ్ట్‌వేర్ చదివి పేరు, చదువు, ఉద్యోగాలు వేరుచేసి దాచుకుంటుంది. రిక్రూటర్ 'జీఎస్టీ' అనో 'రికన్సిలియేషన్' (లెక్కలు సరిపోల్చడం) అనో కొట్టి వెతుకుతారు. స్కాన్ చేసిన బయోడేటా ఆ వెతుకులాటలో చాలాసార్లు కనపడదు. మీ పీడీఎఫ్ తెరిచి, సెర్చ్‌లో మీ పేరే కొట్టి చూడండి. దొరక్కపోతే ఆ ఫైల్ పంపి లాభం లేదు.

రెండోది, ఫోన్‌లో డిజైన్ యాప్‌లతో చేసే రెండు కాలమ్‌ల రంగుల సీవీ. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ దాని పీడీఎఫ్‌లోంచి అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే నాకు వచ్చింది ఇదీ: "బీకాం కంప్యూటర్స్ తెలుగు హిందీ 2014 ఇంగ్లిష్ హన్మకొండ టాలీ". ఎడమ కాలమ్ భాషలు, కుడి కాలమ్ చదువులోకి దూరిపోయాయి. సాఫ్ట్‌వేర్ కూడా చాలావరకు ఇలాగే చదువుకుంటుంది. ఇక ఆ స్టార్ రేటింగులు నాకు అస్సలు నచ్చవు. టాలీ అంటే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్. 'టాలీ: నాలుగు స్టార్లు' అంటే ఏం తెలిసినట్టు? ఎంట్రీలు తెలుసా, రిటర్న్ వేయడం తెలుసా, స్టాక్ సరిచూడ్డం తెలుసా? ఆ చోటులో ఒక్క వాక్యం రాస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. గ్రాఫిక్ డిజైనర్లకు, మనిషి చేతికే నేరుగా సీవీ ఇచ్చేవాళ్లకు ఇది సరే. పోర్టల్‌లో పెట్టేవాళ్లకు వద్దనే అంటాను.

అన్నిటికంటే ఎక్కువ మాట్లాడాల్సింది ఫంక్షనల్ ఫార్మాట్ గురించి. ఇందులో తేదీలు వెనక్కి పోయి, 'అకౌంటింగ్', 'కమ్యూనికేషన్', 'టీం మేనేజ్‌మెంట్' లాంటి హెడ్డింగుల కింద నైపుణ్యాలు ముందుకొస్తాయి. గ్యాప్ ఉన్నవాళ్లకు ఇదే మంచిదని చాలాచోట్ల చెబుతారు, నేనూ వాడాను. దాంతో ఇంటర్వ్యూకు పిలిచిన ఒక హైదరాబాద్ రిక్రూటర్ కాగితం తిప్పి తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఇవన్నీ ఏ సంవత్సరం, ఎక్కడ చేశారమ్మా?" తేదీలు కనపడకపోతే వాళ్లు ముందు తేదీల కోసమే వెతుకుతారు. గ్యాప్ మూడేళ్లయితే ఐదేళ్లని అనుకుంటారు. మొదటి పది నిమిషాలు సంజాయిషీకే పోతాయి, చేసిన పని గురించి మాట్లాడే వీలే ఉండదు.

మన దగ్గర గ్యాప్ అనేది దాచాల్సిన సంగతి కానే కాదు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో, హన్మకొండ లైబ్రరీల్లో కూర్చుని చదివిన పిల్లలు ఊరికి పదిమంది ఉంటారు. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది, పలుమార్లు వాయిదాపడి పరీక్ష 2024 డిసెంబర్‌లో జరిగింది. దాన్ని నమ్ముకుని చదివినవాళ్లకు రెండేళ్ల గ్యాప్ రాక ఏమవుతుంది? అందుకే నేను ఇప్పుడు ఉద్యోగాల వరుసలోనే, మిగతా ఉద్యోగాల్లాగే తేదీలేసి రాస్తాను: "2022–2024: పాప పెంపకం, గ్రూప్-2 ప్రిపరేషన్. ఇదే కాలంలో టాలీప్రైమ్, ఎక్సెల్ పివట్ టేబుళ్లు నేర్చుకోవడం." రెండే వాక్యాలు. ఇలా రాశాక గ్యాప్ మీద వచ్చే ప్రశ్న ఒకటికి మించలేదు. "గ్రూప్స్ మళ్లీ రాస్తారా?" అని అడుగుతారు. దానికి మాత్రం సమాధానం సిద్ధంగా పెట్టుకోవాలి. నోటిఫికేషన్ పడగానే మానేస్తామేమోనన్నది వాళ్ల అసలు భయం.

ఇక కాంబినేషన్. దీని బలం నాకు జిన్నింగ్ మిల్లు పని రాసేటప్పుడు తెలిసింది. మామూలుగా అందరం 'రోజువారీ అకౌంట్స్ మెయింటెయిన్ చేశాను' అని రాస్తాం. అది కిరాణా కొట్టుకూ వర్తిస్తుంది, కార్పొరేట్ ఆఫీసుకూ వర్తిస్తుంది. నేను రాసింది ఇది: "పత్తి సీజన్‌లో రైతుల తక్‌పట్టీలను టాలీలో ఎక్కించి చెల్లింపులతో సరిచూడడం, ముడి పత్తి కొనుగోళ్లపై రివర్స్ చార్జ్ జీఎస్టీ లెక్కించడం, బేళ్ల లోడ్లకు ఈ-వే బిల్లులు, నెలనెలా జీఎస్టీఆర్-1, 3బీ రిటర్నులు." తక్‌పట్టీ అంటే రైతుకు మార్కెట్లో ఇచ్చే కొనుగోలు చీటీ, ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకు కావాల్సిన జీఎస్టీ పత్రం. ఇక రివర్స్ చార్జ్: రైతు దగ్గర ముడి పత్తి కొంటే జీఎస్టీ రైతు కట్టడు. 2017 నవంబర్ 15 నుంచి, కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే 5 శాతం కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. మిల్లు అకౌంటెంట్లందరికీ ఇది కొట్టినపిండి. బయటివాళ్లకు మాత్రం ఇది పెద్ద పనే. మడికొండ ఇంటర్వ్యూలో సగంసేపు ఈ ఒక్క లైన్ మీదే నడిచింది. పత్తి గురించి వాళ్లకు ఏమీ తెలియదు, కానీ రివర్స్ చార్జ్ తెలుసు. నేను పత్తి మీద చెబుతుంటే వాళ్లకు నా పనితనం కనపడింది.

అందుకే 'రివర్స్ చార్జ్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంక్ రికన్సిలియేషన్' అన్న మాటలు పై నాలుగు లైన్లలో పెట్టాను. వాటికి రుజువుగా పత్తి సంగతి కింద ఉద్యోగంలో రాశాను. హాస్పిటల్ పనికీ అంతే. పైన 'క్లెయిమ్ ప్రాసెసింగ్' అనీ, కింద 'ఆరోగ్యశ్రీ ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి), క్లెయిమ్ అప్‌లోడ్లు, ఇన్సూరెన్స్ బిల్లుల ఫాలో-అప్' అనీ ఉంటుంది. ఉద్యోగాన్నిబట్టి పై లైన్లు మారతాయి, కింది తేదీలు మారవు. ప్రకటనలో వాళ్లు ఏ మాట వాడితే, ఆ పని మనం నిజంగా చేసి ఉంటే, ఆ మాటే పైన రావాలి.

దీనికీ లోపాలున్నాయి. ప్రతి అప్లికేషన్‌కూ ముందు కూర్చుని ప్రకటన చదవాలి, ఒకటే ఫైల్ నలభై చోట్లకు పంపడం కుదరదు. ఇంట్లో పని ఉన్న ఆడవాళ్లకు ఆ గంట దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు పేజీలు దాటకుండా చూసుకోవడమూ కష్టమే. అప్పుడే చదువైనవాళ్లకు ఇది వద్దు. కింద చూపించడానికి ఉద్యోగం లేనప్పుడు పైన నైపుణ్యాలు రాస్తే గాల్లో ఉంటాయి. వాళ్లు ఒకే పేజీలో చదువు, ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్ రాస్తే చాలు. ఇంజినీరింగ్ పిల్లలు సీజీపీఏ (పదికి వచ్చే సగటు గ్రేడ్) పక్కనే శాతం కూడా వేయాలి. హైదరాబాద్ జేఎన్టీయూ (జేఎన్టీయూహెచ్) లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించాలి. అంటే 7.2 వస్తే 67 శాతం, 72 కాదు. అరవై శాతం కటాఫ్ పెట్టే చోట ఈ తేడా ముంచేస్తుంది.

విదేశాల సంగతి ఇంట్లోవాళ్ల కోసం రాసినంత మేరకే చెబుతాను. మా మరిది జర్మనీకి మాస్టర్స్ కోసం వెళ్లేటప్పుడు యూరోపాస్‌లో చేశాం. 2005 నుంచి ఉన్న ఉచిత యూరప్ ఫార్మాట్ అది. గడులన్నీ వాళ్లే ఇస్తారు కాబట్టి ఏదీ మర్చిపోం. యూనివర్సిటీలకు బాగుంది, కంపెనీలకు మాత్రం పొడుగనిపించింది. బ్రిటన్, అమెరికాకు అయితే ఫోటో, పుట్టిన తేదీ, పెళ్లి వివరం ఏవీ పెట్టకూడదు. గల్ఫ్‌కు ఇవన్నీ అడుగుతారు. జగిత్యాలలో ఉండే మా బావ ఎలక్ట్రీషియన్, ఆయన సీవీలో ఫోటో, వీసా స్థితి, ఏ వోల్టేజ్ ప్యానెళ్ల మీద పనిచేశాడన్నది రాశాం. పాస్‌పోర్ట్ నంబర్ మాత్రం సీవీలో వేయలేదు. రిజిస్టర్డ్ ఏజెంట్‌కో, విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌కో నేరుగా ఇస్తే చాలు.

పేరు దగ్గర కూడా జాగ్రత్త. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో ఒక్కోసారి ఒట్టి అక్షరమే ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి ఇంటిపేరే మారుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సర్టిఫికెట్లతో పోలుస్తారు కాబట్టి సీవీలో మెమోలో ఉన్నట్టే రాస్తాను. విదేశాలకైతే పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు.

సొంత కంప్యూటర్ లేనివాళ్లు డీటీపీ సెంటర్‌లోనే ఇదంతా చేయించుకోవచ్చు. రెండు కాలమ్‌లు వద్దని, టేబుల్ వద్దని, సంతకానికి స్కాన్ వద్దని చెప్పి, పక్కనే కూర్చుని టైప్ చేయించండి. ప్రింట్లతో పాటు వర్డ్ ఫైల్, పీడీఎఫ్ రెండూ మీ మెయిల్‌కు పంపించుకోండి, రేపు పై నాలుగు లైన్లు మార్చాలంటే వర్డ్ ఫైలే కావాలి. అది మీ ఫోన్‌లో తెరుచుకుంటుందని చూసుకున్నాక, షాపు కంప్యూటర్ మీదున్న కాపీని మీ ఎదుటే డిలీట్ చేయించి డబ్బులివ్వండి.