వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్: పది మీటర్ల రైఫిల్‌కి ఏది మేలు?

మా అమ్మాయి షూటింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన ఎనిమిది నెలలకు, ఇక సొంత వెపన్ చూసుకోండి అన్నారు కోచ్ గారు. రేంజ్‌లో రైఫిల్‌ని వెపన్ అనే అంటారు. ఆ మాటకి మా ఆవిడ మొదట్లో హడలిపోయేది. తీరా చూస్తే అది మిరియం గింజంత సీసపు పెల్లెట్‌ని గాలి ఒత్తిడితో పంపే సాధనం. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, దూరం 10 మీటర్లు. టార్గెట్ మధ్యలో పది పాయింట్లిచ్చే చుక్క అర మిల్లీమీటరు, అంటే కాగితం మీద పెన్ను అలా ఆనించి తీసేసినంత.

కొనడం లక్షల్లో మాట కాబట్టి టెన్షన్ మాకే ఎక్కువ. అందరూ చెప్పే పేర్లు మూడు, మూడూ జర్మనీవే. ఏది మేలని అడిగితే ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకి గొప్ప. అందుకని నేను ఆ కంపెనీల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను. కాలక్షేపానికి మొదలైన ఆ పనే చివరికి ఎంచుకోవడానికి దారి చూపింది.

జర్మనీలోని థురింగియా కొండల్లో జెల్లా, మేలిస్ అని ఆనుకుని ఉన్న రెండు ఊళ్లు 1919లో ఒక్కటయ్యాయి. మేలిస్‌లో 1856లో యూలియస్ గాట్‌ఫ్రీడ్ అన్షుట్జ్ చిన్న రైఫిళ్లు, జేబు పిస్టళ్లు చేయడం మొదలుపెట్టాడు. 1886లో జెల్లాలో కార్ల్ వాల్తర్ దుకాణం తెరిచాడు. వాల్తర్లకి పేరు పిస్టళ్లతో వచ్చింది: 1929లో పీపీ, ఆ తర్వాత పీపీకే, యుద్ధానికి ముందు జర్మన్ సైన్యం తీసుకున్న పీ38. 1945లో ఆ ప్రాంతం సోవియట్ల చేతికి పోయింది. రెండు కుటుంబాలూ ఫ్యాక్టరీలు వదిలేసి పడమటికి వచ్చాయి. చిత్రం ఏమిటంటే, రెండూ చివరికి చేరింది మళ్లీ ఒకే ఊరికి, డాన్యూబ్ ఒడ్డునున్న ఉల్మ్‌కి. అన్షుట్జ్ వాళ్లు 1950లో, వాల్తర్ వాళ్లు 1953లో. పక్కింటివాళ్లని కాందిశీకులయ్యాక కూడా వదిలించుకోలేకపోయారన్నమాట!

మూడోది వేరే కథ. ఓబెర్న్‌డార్ఫ్ మౌజర్ తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఓడిన జర్మనీలో ఆయుధాల తయారీకి నిషేధం పడి, ఫ్రెంచి సేనలు ఆ ఫ్యాక్టరీని ఊడదీశాక, అక్కడి ఇంజినీర్లకి పని లేకుండా పోయింది. వాళ్లలో వెస్టింగర్, ఆల్టెన్‌బర్గర్ అనే ఇద్దరు 1949లో ఫైన్‌వెర్క్‌బావ్ పెట్టారు. పేరుకి అర్థం సన్నపని, అంతే. తుపాకి ఊసే లేదు అందులో.

ఆ సన్నపని విలువ తెలియాలంటే పాత గాలి రైఫిల్ ఒకసారి పట్టుకోవాలి. లోపల పెద్ద స్ప్రింగు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది పిస్టన్‌ని ముందుకి తోస్తుంది. పెల్లెట్ గొట్టం దాటకముందే రైఫిల్ మొత్తం భుజం మీద ఎగిరిపడుతుంది. అర మిల్లీమీటరు చుక్క కొట్టాల్సినవాడికి ఆ అదురు చాలు, కొంప మునగడానికి. ఫైన్‌వెర్క్‌బావ్ వాళ్లు గొట్టాన్నీ స్ప్రింగునీ కలిపి చిన్న పట్టాల మీద కూర్చోబెట్టారు. పేలగానే లోపలి భాగం వెనక్కి జారుతుంది, భుజానికి ఆనే చెక్క కదలదు, చెంపకి ఏమీ తెలియదు. 1961లో వచ్చిన 150 మోడల్, తర్వాతి 300 మోడల్ ఏళ్ల తరబడి పోటీలని ఏలాయి. మా రేంజ్‌లో ఒక పాత 300 ఇంకా ఉంది. పక్క లీవరు లాగితే ఆ చప్పుడులోనే నిదానం ఉంటుంది.

వాల్తర్ 1974లో స్ప్రింగునే తీసేసింది. ఎల్‌జీఆర్ అనే మోడల్లో లీవరు ఒక్కసారి లాగితే గాలి కుదించుకుని సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు మూడు కంపెనీలదీ ఒకటే పద్ధతి, 200 బార్ ఒత్తిడి దగ్గర గాలి నింపిన సిలిండర్. గొట్టం నాణ్యతలో నాలాంటివాడు తేడా పట్టలేడు. మరి ఎలా ఎంచాలి?

నా లెక్క ఇది. మీ పిల్ల ఎక్కడ ఆగుతుందో, ఎక్కడికి వెళ్తుందో చూసుకోండి. మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల మూడు పొజిషన్ల ఈవెంట్‌కి వెళ్లే ఉద్దేశం గట్టిగా ఉంటే అన్షుట్జ్. వాళ్ల ప్రాణం పాయింట్ టూటూ రైఫిల్లో, అంటే గాలితో కాక మందుతో పేలే చిన్న తూటా రైఫిల్లో ఉంది. మ్యాచ్ 54 అనే వాళ్ల యాక్షన్, అంటే తూటాని లోపల పెట్టి పేల్చే యంత్రాంగం, దశాబ్దాలుగా ఆ ఆటకి కొలబద్ద. మంచులో స్కీయింగ్ చేస్తూ కాల్చే బయాథ్లాన్‌లో వాళ్ల 1827 ఫోర్ట్‌నర్ మోడలే ఎక్కువమంది వీపుల మీద కనిపిస్తుంది. గాలి రైఫిల్ వాళ్లకి రెండో బిడ్డ అని నా అభిప్రాయం, మంచి బిడ్డే అయినా.

వాల్తర్ ఎల్‌జీ400లో నాకు నచ్చింది సర్దుబాటు. చెంప ఆనించే చీక్‌పీస్, భుజానికి ఆనే బట్‌ప్లేట్, చేత్తో పట్టుకునే గ్రిప్, అన్నీ మరలతో జరుగుతాయి. ఎదిగే పిల్లలకి అది వరమే, కానీ ప్రతి ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకునే తండ్రి ఉంటే మాత్రం శాపం. జేమ్స్ బాండ్ చేతి తుపాకి పీపీకే చేసిన కంపెనీ అని మురిసిపోయేవాళ్లకి ఒక ముచ్చట: 1963 నాటి బాండ్ సినిమా ప్రచారానికి షాన్ కానరీ దిగిన ఫొటోల్లో ఉన్నది పీపీకే కాదు. ఫొటో స్టూడియోకి దాన్ని తేవడం మరిచిపోయారు. ఫొటోగ్రాఫర్ తన సొంత వాల్తర్ గాలి పిస్టల్ ఎల్‌పీ53 ఇచ్చి పని కానిచ్చాడు. అదే 2010లో క్రిస్టీస్ వేలంలో 2,77,250 పౌండ్లు పలికింది.

పది మీటర్లే లోకం అనుకుంటే నా ఓటు ఫైన్‌వెర్క్‌బావ్‌కి. 800 మోడల్ ట్రిగ్గర్ దగ్గర వేలు ఆగే చోటు స్పష్టంగా తెలుస్తుంది, గాజు గ్లాసు అంచు తగిలినట్టు. లండన్ 2012లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ 701.1 స్కోరుతో కంచు తెచ్చింది ఈ పది మీటర్ల ఈవెంట్‌లోనే. ఈషా సింగ్‌లా పిస్టల్ దారి పడితే ఈ చర్చంతా పక్కన పెట్టండి. అక్కడ మొరీనీ, స్టెయర్ పేర్లు కూడా వస్తాయి.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు మాత్రం సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. మాకు మొదట ఒకాయన అమ్మజూపిన రైఫిల్ తళతళలాడుతోంది, ధర కూడా తక్కువే. సిలిండర్ తిప్పి చూస్తే తయారై పదకొండేళ్లు. కంపెనీ ఇచ్చిన గడువు పదేళ్లు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే వెపన్ చెకింగ్ దగ్గరే ఆపేయొచ్చు. ఆయన్ని అడిగితే, గాలికి కూడా ఎక్స్‌పైరీ ఉంటుందా సార్ అని నవ్వేశాడు.

చివరికి 800 కొన్నాం. మా అమ్మాయి మొదటి రోజు పెల్లెట్ పెట్టకుండా గంటసేపు డ్రై ఫైర్ చేసింది. ఎలా ఉందమ్మా అంటే, "చీక్‌పీస్ రెండు మిల్లీమీటర్లు పైకి కావాలి నాన్నా" అంది. స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాను.