ఫ్లోరెన్స్‌లో బ్రౌనింగ్ దంపతుల ఇల్లు: చూడటానికీ, ఉండటానికీ

ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినవాళ్లు ఉఫీజీ చిత్రశాల, డుఓమో అనే పెద్ద చర్చి, డేవిడ్ విగ్రహం చూసుకుని తిరిగొచ్చేస్తారు. అవి చూడదగ్గవే, వాటి గురించి రాసినవాళ్లూ బోలెడుమంది. నేను వెళ్లింది మాత్రం పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ కవి దంపతులు ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్, రాబర్ట్ బ్రౌనింగ్ కోసం. కవిత్వం మీద ప్రేమతో వెళ్లేవాళ్లు ఆర్నో నదికి దక్షిణాన ఉన్న ఓల్ట్రార్నో పేటలో బస చూసుకోవడం మంచిది.

వాళ్లు కాపురమున్న కాసా గ్విదీ అక్కడే, పిట్టీ ప్యాలెస్ దాటగానే సాన్ ఫెలీచె చర్చి పక్కన ఉంది. 1846లో ఎలిజబెత్ తండ్రికి చెప్పకుండా లండన్‌లో పెళ్లి చేసుకుని, వారం తిరిగేసరికి భర్తతో ఇటలీకి బయలుదేరింది. ఆ తండ్రి చివరిదాకా క్షమించలేదు, కూతురు రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు. 1847 నుంచి 1861లో ఆమె కన్నుమూసేదాకా ఈ ఇల్లే వాళ్లకి నిలయం. కొడుకు పుట్టిందీ ఇక్కడే.

హాల్లోకి అడుగుపెట్టగానే నేను కిటికీ దగ్గరికే వెళ్లాను. 1847 సెప్టెంబర్ 12న, సరిగ్గా వాళ్ల మొదటి పెళ్లిరోజున, ఫ్లోరెన్స్ రాజధానిగా ఉన్న అప్పటి టస్కనీ రాజ్యపు ప్రజలు తమ ప్రభువు పౌరదళానికి (మామూలు పౌరులతో ఏర్పడే రక్షకదళానికి) అనుమతి ఇచ్చాడన్న ఆనందంతో ఊరేగింపుగా పిట్టీ ప్యాలెస్‌కి వెళ్లారు. వాళ్లంతా ఈ కిటికీల కిందనుంచే నడిచారు. స్వేచ్ఛ వస్తుందన్న ఆ ఆశ నిలవలేదు, 1849లో ఆస్ట్రియా సైన్యం ఊళ్లోకి దిగింది. 1851లో వచ్చిన ఎలిజబెత్ కావ్యం ‘కాసా గ్విదీ విండోస్’లో మొదటి భాగం ఆ ఆశ, రెండో భాగం ఆ ఆశాభంగం. చర్చి పక్కన ఓ పిల్లవాడు స్వేచ్ఛ గురించి పాడుకుంటూ పోతుంటే విన్నానని ఆ కావ్యం మొదలవుతుంది. చర్చి గోడ అంత దగ్గరగా కనిపిస్తుంటే, ఆ గొంతు ఆమెకి ఎలా వినిపించి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆరోగ్యం అంతంతమాత్రమైన మనిషి, ఇంట్లో కూర్చునే ఒక దేశపు పోరాటాన్ని రాసింది. ఆమె పోయాక ఫ్లోరెన్స్ నగరం కృతజ్ఞతతో పెట్టించిన పలక ఇప్పటికీ గుమ్మం పైన ఉంది.

గదిలో సామాన్లన్నీ వాళ్లవే అనుకోకండి. కొడుకు చనిపోయాక 1913లో వేలం వేస్తే చాలావరకు చెల్లాచెదురయ్యాయి. అయితే భార్య పోయాక రాబర్ట్ ఈ హాలుని ఉన్నదున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. దాన్ని చూసే మళ్లీ అమర్చారు. ఆ తర్వాత ఆయన ఫ్లోరెన్స్‌లో అడుగుపెట్టలేదు.

ఈ ఇంట్లో బస కూడా చేయొచ్చు. ఇంగ్లండ్‌లోని ఈటన్ కాలేజీ ఆస్తి ఇది, పాత కట్టడాలని బసకిచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ అద్దెకిస్తుంది. వంటిల్లుంది కాబట్టి నాలుగైదుగురు కలిసి వెళ్తే మన వంట మనం చేసుకోవచ్చు. చాలా ముందే బుక్ చేసుకోవాలి. నాకు దొరకలేదు, దగ్గర్లో ఓ చిన్న బసలో దిగాను. గది శుభ్రం, కానీ మూడో అంతస్తుకి లిఫ్ట్ లేదని బుకింగ్‌లో ఎక్కడా చెప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే అడిగి తెలుసుకోండి. తలకింత అని రాత్రికి వేసే సిటీ ట్యాక్స్ గది అద్దెలో కలవదు, విడిగా కట్టాలి.

శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. బీన్స్, ఆకుకూర, పాత రొట్టె వేసి చేసే రిబోల్లీతా కడుపు నింపుతుంది. మాంసం ముక్కగానీ రసంగానీ కలిపారేమో ఒక మాట అడగండి. బిల్లులో ‘కొపెర్తో’ అని కనిపించేది కూర్చున్నందుకు వేసే ఛార్జీ.

ఒక సాయంత్రం సాన్ లొరెంజో చౌకు నుంచి కాసా గ్విదీదాకా నడిచాను. 1860 జూన్‌లో అక్కడి పాత సామాన్ల మధ్య రాబర్ట్‌కి పసుపు అట్టల పుస్తకం ఒకటి ఒక లీరాకి దొరికింది. 1698లో రోమ్‌లో జరిగిన హత్యకేసు కాగితాలవి. శాంతా త్రినితా వంతెన మీదుగా చదువుకుంటూ నడిచి, ఇల్లు చేరేసరికి పూర్తిచేశానని ఆయనే కావ్యంలో చెప్పుకున్నాడు. 1868-69లో నాలుగు సంపుటాలుగా వచ్చిన ‘ది రింగ్ అండ్ ది బుక్’ కథ అదే. ఇప్పుడా చౌకు చుట్టూ తోలు సంచుల దుకాణాలే. బేరగాళ్ల గోల భరించలేకపోయినా, నడక మాత్రం వదులుకోకండి.

ఎలిజబెత్ సమాధి ఉన్న ఇంగ్లిష్ స్మశానం ఊరికి ఇంకో వైపు, పియజ్జాలె దొనతెల్లోలో ఉంది. 1865లో ఫ్లోరెన్స్ ఇటలీ రాజధాని అయ్యాక నగర ప్రాకారం పడగొట్టి రోడ్లు వేయడంతో, అది వాహనాల మధ్య దీవిలా మిగిలింది. హారన్ల మోత లోపలిదాకా వస్తుంది. ఆరు పొట్టి స్తంభాల మీద పాలరాతి పెట్టెలా ఉన్న ఆమె సమాధిని చిత్రకారుడు లైటన్ రూపొందించాడు. దాని మీద పూర్తి పేరు కూడా లేదు, పొడి అక్షరాలూ 1861 అన్న ఏడాదీ మాత్రమే. కవి ఆర్థర్ హ్యూ క్లఫ్, వాల్టర్ శావేజ్ లాండర్ సమాధులూ ఇక్కడే ఉన్నాయి.

కాసా గ్విదీని మామూలు సందర్శకులకి ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 నుంచి 6 వరకే తెరుస్తారు. స్మశానం వేళలు వేరు. బయలుదేరే ముందు రెండూ చూసుకుని, శని ఆదివారాలు ఉఫీజీకి వదిలేయండి.