మూడు చుక్కల ఆటపెట్టె: మాగ్నవాక్స్ ఒడిస్సీని విప్పి చూస్తే

టీవీకి కలిపి ఇంట్లో ఆడుకునే వీడియో గేము పెట్టెల్లో మొట్టమొదటిది మాగ్నవాక్స్ ఒడిస్సీ. దాన్ని కొందామనుకునేవారికి ముందే చెప్పేస్తున్నాను. ఈ ఆటపెట్టె పాడదు, పలకదు, రంగులు చూపదు. ఎవరు గెలిచారో కూడా దానికి తెలియదు. తెర మీద కదిలే తెల్లటి చతురస్రాలు మూడు, నిలువు గీత ఒకటి, సరుకంతా అంతే. ఇంట్లో పిల్లల కోసం వెతుకుతున్నారా, ఇక్కడితో చదవడం ఆపి వేరేది చూసుకోండి. టీవీ కనిపిస్తే దాని వెనక మూత విప్పాలని చేతులు దురద పెట్టే రకమైతే మాత్రం ఇంతకంటే మంచి కాలక్షేపం నాకు తెలియదు.

నేను రెండో రకం. తెనాలిలో నా జీవితమంతా రేడియోలు, టీవీలు బాగు చేస్తూ గడిచింది. ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్, అన్నీ ఈ చేతుల మీదుగా వెళ్లినవే. ఇప్పుడు అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువాలో, అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముతుంటే ఈ పెట్టెను కొనుక్కొచ్చి, "మామయ్యగారూ, ఇది పనిచేయదట, చూస్తారా?" అన్నాడు. పనిచేయదట అనే మాట వినక నాకు చాలా కాలమైంది.

విశేషం ఏమిటంటే ఈ పెట్టె పుట్టింది ఈ ఊళ్లోనే. ఇక్కడ శాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణ పరికరాల సంస్థ ఉండేది. అందులో ఒక విభాగానికి పెద్ద, ఈ పెట్టెను కనిపెట్టిన రాల్ఫ్ బేర్ గారు. జర్మనీలో పుట్టిన యూదుడు, 1938లో పదహారేళ్ల వయసులో కుటుంబంతో తప్పించుకుని న్యూయార్క్ చేరారు. పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో రిపేరు నేర్చారు, దుకాణాల్లో ఆ పని చేశారు. యుద్ధం అయ్యాక షికాగోలో టెలివిజన్ ఇంజనీరింగ్ చదివి 1949లో పట్టా పుచ్చుకున్నారు. అంటే మొదట మా వృత్తివాడు, ఆ తర్వాతే ఇంజనీరు. ఈ సమీక్షలో నేను ఆయన వైపు కొంచెం మొగ్గితే కారణం అదే.

ఇంటింటా ఉన్న టీవీలో వచ్చింది చూడడం తప్ప మనం చేసేదేమీ లేదా అన్నది ఆయన ప్రశ్న. 1966 సెప్టెంబరు 1న నాలుగు పేజీల్లో తన ఆలోచన రాసి పెట్టారు. సంస్థవారు కూలికి 2,000 డాలర్లు, సామానుకు 500 డాలర్లు ఇచ్చారు. బిల్ హారిసన్ అనే టెక్నీషియన్ కూర్చుని సర్క్యూట్లు కట్టాడు. మొదట్లో తెర మీద రెండు చుక్కలే, ఒకదాన్ని ఒకటి తరుముకోవడమే ఆట. బిల్ రష్ అనే ఇంజనీరు మూడో చుక్క ఉండాలన్నాడు. దాన్ని మనిషి కాకుండా యంత్రం కదపాలి. అదే బంతి అయింది. తర్వాత టీవీ కంపెనీల చుట్టూ తిరగడానికే ఏళ్లు పట్టింది. చివరికి మాగ్నవాక్స్ ఒప్పుకుని 1972 సెప్టెంబరులో ఒడిస్సీ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ మరుసటి నెల, అక్టోబరు 2న, బొంబాయిలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అంతవరకు మన దేశంలో టీవీ అంటే ఢిల్లీ ఒక్కటే. హైదరాబాదు కేంద్రం 1977లో గానీ రాలేదు. వీళ్లు టీవీతో ఆడుకుంటున్న నాటికి నేను టీవీని బొమ్మలో కూడా సరిగా చూడలేదు.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. పెట్టె తెల్లగా నున్నగా, ఒక పక్క నలుపుతో, కింద చెక్క రంగు అద్దిన భాగంతో చూడముచ్చటగా ఉంది. మూత తీస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక పెద్ద బోర్డు, దాని మీద నిలువుగా గుచ్చిన చిన్న చిన్న బోర్డులు. మొదటి ఆటగాడి చతురస్రాన్ని పుట్టించేది ఒకటి, రెండోవాడిది ఇంకొకటి, బంతిది మరొకటి. గీతకు వేరే, బొమ్మను టీవీతో తాళం కలిపే సింక్‌కు వేరే. చుక్క ఒకటి రాకపోతే పక్క బోర్డు పీకి దాని స్థానంలో పెట్టి చూడవచ్చు. తప్పు ఎక్కడుందో అర నిమిషంలో తేలిపోతుంది. మొత్తం మీద దాదాపు నలభై ట్రాన్సిస్టర్లు, నలభై డయోడ్లు. ఐసీ, అంటే చిప్పు, ఒక్కటీ లేదు, ప్రాసెసర్ ఊసే లేదు. ప్రతి భాగానికీ మల్టీమీటర్ పుల్ల అందుతుంది. రిపేరు చేసినవాడి మనసుతో గీసిన సర్క్యూట్ ఇది. నేటి టీవీల్లో బోర్డు పోతే బోర్డే మార్చమంటారు. ఆ పనికి మెకానిక్ దేనికి, కొరియర్ చాలు.

ఆట కార్డులు ఆరు ఇచ్చారు. "ఇందులో మెమరీ ఎంత తాతయ్యా?" అని మా మనవడు అడిగాడు. సున్నా. కార్డు మీద ఉన్నవి రాగి దారులు మాత్రమే. ఏ చిన్న బోర్డును ఏ బోర్డుతో కలపాలో ఆ దారులు చూసుకుంటాయి. బంతి బ్యాటుకు తగిలితే వెనక్కి రావాలా, మాయం కావాలా, గీత తెర మధ్యలో ఉండాలా, పక్కన ఉండాలా, ఇదంతా ఆ రాగి దారుల పని. రైల్వే యార్డులో పట్టాలు మార్చినట్టు, ఇంజను అదే, వెళ్లే దారి వేరు. చాలామంది దీన్ని తర్వాతి కాలపు గేము క్యాసెట్లతో పోలుస్తారు, అది తప్పు. ఆట నిజంగా చిప్పులో కూర్చుని బయటి నుంచి వచ్చింది 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ అనే గేము పెట్టెతో. ఒడిస్సీలో ఆటలన్నీ పెట్టెలోనే నిద్రపోతుంటాయి, కార్డు వాటిలో ఒకదాన్ని లేపుతుంది.

ఇంకో తమాషా, దీనికి స్విచ్చు లేదు. కార్డు గుచ్చితే ఆన్, తీస్తే ఆఫ్. తీయడం మరిచారా, తెల్లారేసరికి సెల్లు హుళక్కి. అవి కూడా ఆరు కావాలి. గోడ గడియారానికి వేసే సన్నవి కావు, టార్చిలైటువి కావు, ఆ రెంటికీ మధ్య సైజు. కరెంటు అడాప్టరు విడిగా కొనుక్కోవాలని ఆ రోజుల్లోనే పెట్టారు. వంద డాలర్ల వస్తువుకు ఆ మాత్రం ఇవ్వలేకపోయారా?

నాకు వచ్చిన పెట్టెలో సెల్లు పెట్టే చోట స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గీకి, సోల్డర్ పూసి నిలబెట్టాను. కార్డు కాళ్లను స్పిరిట్‌తో తుడిచాను. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాక వణుకుతున్న గీత స్థిరపడింది. తిప్పే కంట్రోళ్లలో కార్బన్ అరిగి చుక్క అక్కడక్కడ ఎగిరిపడేది, శుభ్రం చేశాక చాలావరకు దారికొచ్చింది. యాభై ఏళ్లు దాటిన యంత్రానికి ఇంతకంటే తక్కువ రిపేరు ఎక్కడా చూడలేదు. ట్రాన్సిస్టర్ ఒక్కటీ మార్చలేదు.

టీవీకి కలపడం మన పాతవాళ్లకు చిటికెలో పని. యాంటెన్నా తీగ తీసి, ఒక చిన్న స్విచ్చు డబ్బా బిగించి, దాని నుంచి 300 ఓమ్‌ల చదునైన ఫీడర్ వైరు టీవీ వెనక స్క్రూలకు బిగిస్తాం. ఛానల్ 3 గానీ 4 గానీ పెడితే బొమ్మ వస్తుంది. పెట్టె ఒక బుల్లి టీవీ స్టేషనన్న మాట. 1990లలో మన ఇళ్లకు వచ్చిన సమురాయ్, మీడియా గేములు చేసిందీ ఇదే. అవి కొన్నవాళ్లందరూ నా దుకాణానికి వచ్చి, "గేము ఆడితే పిక్చర్ ట్యూబు పోతుందటగా?" అని అడిగేవారు. పిల్లల్ని చదువుకు కూర్చోబెట్టడానికి తల్లిదండ్రులు నా నోటితో అవునని చెప్పించుకోవాలని చూసేవారు. నిజం చెప్పాలంటే ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా నిలబడితే ట్యూబు మీద మచ్చ పడుతుంది. ఒడిస్సీ గీత విషయంలో ఆ జాగ్రత్త అవసరమే.

మీ గోడకున్న సన్నటి టీవీతో దీన్ని నడిపిద్దామనుకోకండి. దీని సిగ్నల్‌ను చాలా కొత్త టీవీలు సిగ్నల్‌గానే గుర్తించవు, నీలి తెర చూపించి ఊరుకుంటాయి. పైగా రంగుల కోసం ఇచ్చిన, బొమ్మలు అచ్చువేసిన ప్లాస్టిక్ షీట్లు పాత గాజు తెర మీద స్థిరవిద్యుత్తుతో అంటుకునేలా చేసినవి. ఇళ్లలో టీవీలు రకరకాలు కాబట్టి రెండు సైజుల్లో ఇచ్చారు. ఫ్లాట్ టీవీ మీద టేపు వేసి అంటించుకోవలసిందే. బరువైన పాత పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి సంపాదించండి. అమెరికాలో ఉచితంగా ఇచ్చేస్తారు, మోసుకెళ్లే మనిషే దొరకడు.

ఆటల్లో నిజమైన ఆట ఒక్కటే, మొదటి కార్డు మీది టేబుల్ టెన్నిస్. దీనికి షీటు కూడా అక్కర్లేదు. చెరో బ్యాటు, మధ్యలో నెట్టు, ఎగిరే చుక్క. మామూలుగా ఇలాంటి ఆటల్లో బ్యాటు పైకీ కిందికీ మాత్రమే వెళ్తుంది. ఇక్కడ ముందుకూ వెనక్కూ కూడా జరుగుతుంది, నెట్టు దగ్గరికి వచ్చి నిలబడవచ్చు. బ్యాటును కదిపే రెండు గుండీలు పోగా మూడోది ఇంకా గమ్మత్తు. కొట్టిన బంతిని గాలిలో ఉండగానే వంకర తిప్పవచ్చు. బంతి ఎదుటివాడి బ్యాటు ముందుకొచ్చి చటుక్కున కిందికి జారుకుంటుంది. పెట్టె మీద వేగం మార్చే గుండీ కూడా ఉంది, దాన్ని పూర్తిగా తిప్పితే నా వయసువాళ్లకు బంతి కనపడదు. బంతి బయటికి పోతే రీసెట్ నొక్కి మళ్లీ వేసుకోవాలి.

స్కోరు నోటితో చెప్పుకోవాలి. మా మనవడికి ఇది మింగుడుపడలేదు. "గెలిచానని ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అన్నాడు. "నేను ఓడిపోయానని ఒప్పుకుంటే తెలుస్తుందిరా" అన్నాను. మా ఆవిడ ఆడినప్పుడు ఏడు తర్వాత పది వస్తుంది. మేమెవరం మాట్లాడం. ఈ ఒక్క ఆటతో సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది.

మిగతా పదకొండూ అట్ట ముక్కల వ్యవహారం. డబ్బాలో పాచికలు, ఆట డబ్బులు, పందెం బిళ్లలు, ప్రశ్నల కార్డులు, బోర్డులు, స్కోరు రాసుకునే కాగితాలు, ఇల్లంతా పరిచేటంత సామాను. స్కీలో షీటు మీద గీసిన కొండ దారి వెంట చుక్కను నడపాలి. దారి తప్పినా చుక్కకు ఏమీ కాదు, మీ మనస్సాక్షే అంపైరు. హాంటెడ్ హౌస్‌లో ఒకరు దయ్యం, ఒకరు డిటెక్టివ్. చీకటి గదిలో కిటికీల వెనక వెలుగుతూ తిరిగే చుక్క మా మనవరాలిని నిజంగానే భయపెట్టింది, ఈ పదకొండింట్లో దీనికే నా ఓటు. రూలెట్, సబ్‌మెరైన్ ఒకసారి చూస్తే చాలు. స్టేట్స్ అమెరికా రాష్ట్రాల గురించి పిల్లలకు పాఠం. ఫుట్‌బాల్ నియమాలు చదవడానికి పట్టే సమయంలో ఇంకో రెండు కండెన్సర్లు మార్చవచ్చు. ఈ అట్ట సామానంతా మాగ్నవాక్స్ వాళ్లు చేర్చినది, బేర్ గారికి సుతరామూ నచ్చలేదు. ఆయన నమూనాలో తెర వెనక రంగు వచ్చేది, ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేసి ప్లాస్టిక్ షీట్లు ఇచ్చారు. రంగు తీసి అట్టలు పెట్టడం ఏ లెక్కన లాభమో నాకు అర్థం కాదు.

ధర 99.95 డాలర్లు. అప్పటి మారకంలో 750 రూపాయలకు పైమాటే. బేర్ గారు ఇరవై డాలర్ల లోపు అమ్మవచ్చనుకున్నారు. అమ్మినవి కూడా మాగ్నవాక్స్ డీలర్లే కావడంతో, వాళ్ల టీవీ ఉంటేనే ఇది పనిచేస్తుందని జనం అనుకున్నారు. అయినా 1975లో ఆపేసేనాటికి సుమారు 3,50,000 అమ్ముడయ్యాయి. తెర మీది చుక్కను గురిచూసి పేల్చే ఆట తుపాకి కూడా ఉండేది, దాన్ని విడిగా కొనాలి. దాని తయారీలో నింటెండో చేయి ఉంది. వెలుగు కనిపిస్తే చాలు గురి కుదిరిందనుకునే తుపాకి అది, గదిలో బల్బు వైపు పేల్చినా తగిలినట్టే.

వీడియో గేముల్లో అటారీ కంపెనీ వారి పాంగ్ మొదటిదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఆ అటారీని పెట్టిన నోలన్ బుష్నెల్ 1972 మేలో కాలిఫోర్నియాలోని బర్లింగేమ్‌లో ఒడిస్సీ ప్రదర్శనకు వెళ్లి, ఈ టేబుల్ టెన్నిస్ ఆడి, సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి వచ్చాడు. ఆ ఏడాది చివరికి అటారీ ఇంజనీరు ఆల్ అల్కార్న్ చేతుల మీదుగా పాంగ్ వచ్చింది. ఆ సంతకం 1974లో మాగ్నవాక్స్ వేసిన దావాలో పనికొచ్చింది. 1976లో అటారీ డబ్బు కట్టి లైసెన్సు తీసుకుని బయటపడింది. అయితే ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి, పాంగ్‌లో శబ్దం ఉంది, తెర మీద స్కోరు ఉంది. ఆడేవాడికి కావలసింది ఏమిటో అల్కార్న్‌కు బాగా తెలుసు.

నాషువా నుంచి అరగంట దూరంలో మాంచెస్టర్. బేర్ గారు 2014లో పోయేదాకా అక్కడే ఉన్నారు. నది ఒడ్డున బెంచీ మీద కూర్చున్నట్టు ఆయన కంచు విగ్రహం పెట్టారు. ఆయన ఇంట్లోని పనిగదిని ఉన్నది ఉన్నట్టు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకు తరలించారు. మెకానిక్ బల్ల మ్యూజియంలోకి ఎక్కడం నాకు భలే నచ్చింది.

కొనదలచినవారికి నాలుగు మాటలు. కార్డులు ఆరూ ఉన్నాయో లేదో ముందు చూడండి, ముఖ్యంగా ఒకటో నంబరు. స్విచ్చు డబ్బా పోయినా బెంగ లేదు, మనమే చేసుకోవచ్చు. షీట్లు చిరిగితే ధర తగ్గించమనండి. సెల్లు లోపలే పెట్టి అటక మీద వదిలేసిన పెట్టె అయితే మూత తీసి చూడనిదే డబ్బు ఇవ్వకండి. అమ్మేవాడు "పరీక్షించలేదు" అన్నాడంటే పరీక్షించాడని, పనిచేయలేదని అర్థం. భారతదేశానికి తీసుకెళ్లి నడపాలంటే టీవీ తెర మీద బొమ్మ గీయడానికి వీళ్లది 525 అడ్డగీతల పద్ధతి, మనది 625 అని గుర్తుంచుకోండి.

మార్కులు వేయమంటే సర్క్యూట్‌కు ఐదుకు ఐదు, టేబుల్ టెన్నిస్‌కు నాలుగు, మిగతా ఆటలన్నిటికీ కలిపి ఒకటి, ఆ ఒకటీ దయ్యానికే. తుపాకి నా దగ్గర లేదు, ఎవరైనా ఇస్తామన్నా వద్దు.