రికార్డింగ్ పెట్టి చేసే సూపర్‌విజన్: చాన్నాళ్ళు వాడాక

ట్రైనీ థెరపిస్టుకి వారానికో గంట సూపర్‌విజన్, అంటే తన కేసుల గురించి అనుభవమున్న థెరపిస్టుతో కూర్చుని మాట్లాడటం, దొరికితే ముప్పావుగంట కేసు ఏకరువు పెట్టడానికే పోతుంది. పైగా జ్ఞాపకం మీద చెప్పేటప్పుడు మనకి ఇబ్బందైన మాటలు మెల్లగా జారిపోతాయి. సెషన్ ఆడియో ముక్క వినిపించి చేసే పద్ధతిలో ఆ వీలుండదు. భీమవరం, అమలాపురం వైపు పనిచేస్తూ ఇదే వాడుతున్నాను. నోటిమాట సూపర్‌విజన్‌కి మళ్ళీ వెళ్ళబుద్ధి కాదు, కానీ చాకిరీ మాత్రం ఎక్కువే.

యాభై నిమిషాలూ ఎవరూ వినరు, ఐదారు నిమిషాలు చాలు. చాలామంది తమకి బాగా వచ్చిన ముక్క పట్టుకెళ్తారు, దానివల్ల మెప్పు తప్ప ఏమీ రాదు. తడబడ్డ చోటు, క్లయింట్ కళ్ళనీళ్ళు పెట్టుకోగానే గబుక్కున సలహా ఇచ్చేసిన చోటు తీసుకెళ్ళాలి. కాగితాన్ని రెండుగా మడిచి ఎడమవైపు ఇద్దరి మాటలూ ఉన్నవున్నట్టు, మౌనం ఉంటే ఎన్ని సెకన్లో కూడా రాయాలి. కుడివైపు ఆ క్షణంలో మీకేమనిపించిందో రాయాలి. ఐదు నిమిషాల ఆడియోకి ముప్పావుగంట రాత తప్పదు. వాటంతటవే రాసిపెట్టే యాప్‌ల జోలికి పోకండి. మన యాస వాటికి సరిగా అందదు, అంతకన్నా ముఖ్యంగా క్లయింట్ గొంతు ఎవరి సర్వర్‌లోకో పోతుంది.

కాగితం పైన ఒక్క ప్రశ్న ఉండాలి. 1979లో సూపర్‌విజన్ మీద పనిచేసిన జానైన్ బెర్నార్డ్ చెప్పిన డిస్క్రిమినేషన్ మోడల్, అంటే ట్రైనీ ఇబ్బంది ఏ కోవదో విడదీసి చూసే పద్ధతి, ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రశ్న టెక్నిక్ గురించా, కేసుని అర్థం చేసుకోవడం గురించా, మీ గురించా? "ఏం చెయ్యమంటారు?" అంటే సూపర్‌వైజర్ పాఠం మొదలెడతారు. "అత్తగారి మాట ఎత్తగానే నేనెందుకు టాపిక్ మార్చాను?" అంటే సంభాషణ వేరే దారి పడుతుంది. వినేటప్పుడు ఆపే బటన్ మీ చేతిలోనే ఉంచుకోండి. అమెరికన్ సైకాలజిస్టు నార్మన్ కేగన్ పద్ధతి అదే: ఆపి, "అప్పుడు అనాలనుకుని అనలేనిది ఏమిటి?" అన్నది చూడాలి.

రికార్డింగ్‌కి రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఎవరు వింటారు, ఎప్పుడు చెరిపేస్తారు, వద్దన్నా వైద్యం ఆగదు అన్న మూడూ అందులో ఉండాలి. ఫోన్‌లో రికార్డు చేస్తే బ్యాకప్ ఆపెయ్యండి, వాట్సాప్‌లో పంపకండి. సీలింగ్ ఫ్యాను కింద పెడితే హోరు తప్ప ఏమీ వినపడదు. మడిచిన తువ్వాలు మీద, క్లయింట్ వైపు పెట్టాలి. వీడియో కాల్‌లో వినిపించేటప్పుడు కంప్యూటర్ సౌండ్ షేర్ చేసే ఆప్షన్ నొక్కాలి. లేకపోతే అవతలివాళ్ళకి గొణుగుడే మిగులుతుంది.

మన దగ్గర పేరు మార్చేస్తే సరిపోదండి. ఊరు, చెరువు ఎన్నెకరాలు, కొడుకు ఏ గల్ఫ్ దేశంలో ఉన్నాడు అన్నవి కలిపితే ఇంటిపేరు ఎవరైనా చెప్పేస్తారు. "నలభై దాటిన ఆక్వా రైతు, అప్పులు" చాలు. రికార్డింగ్‌లో ఊరిపేర్లు వచ్చే ముక్క వదిలెయ్యండి. గ్రూపు సూపర్‌విజన్‌లో, క్లయింట్ కుటుంబం తెలిసినవాళ్ళు ఉంటే బయటికెళ్ళాలన్న నియమం మొదటి రోజే పెట్టుకోవాలి. గ్రూపు చవకే, కానీ నలుగురికి రెండు గంటలంటే మీ వంతు అరగంట.

ఆత్మహత్య ఆలోచనలుంటే వారం సూపర్‌విజన్ కోసం ఆగకూడదు. డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాక ఏ అంకె వచ్చినా అక్కడే వివరంగా అడగాలి, అదే రోజు సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యాలి. ఆయన ఎత్తకపోతే రెండో నంబరు ఎవరిదో ముందే రాసిపెట్టుకోవాలి. డెల్టాలో పొలం ఉన్న ఇంట పురుగుమందు డబ్బా ఉండనే ఉంటుంది. అది ఎక్కడుంది, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఎప్పట్లోగా ఇల్లు దాటిస్తారు అన్నవి సేఫ్టీ ప్లాన్‌లో (ప్రాణాపాయం రాకుండా క్లయింట్‌తో కలిసి రాసుకునే కాగితంలో) లేకపోతే మంచి సూపర్‌వైజర్ కాగితం వెనక్కిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు క్లయింట్ చేతికి రాసివ్వండి.

సూపర్‌విజన్ అయ్యాక తర్వాతి సెషన్‌లో ఏం చేస్తారో ఒక్క వాక్యం రాసుకుని, మళ్ళీ కలిసినప్పుడు అదేమైందో ముందుగా చెప్పండి. ఇది మానేస్తే సలహాలు పోగవుతాయి, పని మారదు.

క్లయింట్ రికార్డింగ్‌కి ఒప్పుకోకపోతే బతిమాలకండి. సెషన్ అయిన వెంటనే, ఫోన్ ముట్టకుండా, గుర్తున్న మాటలు వరుసగా రాసుకోండి. సూపర్‌విజన్‌లో మీరే క్లయింట్‌గా కూర్చుని సూపర్‌వైజర్‌ని థెరపిస్టుగా ఉండమనండి. టేపంత నమ్మకమైనది కాకపోయినా, వట్టి నోటిమాట కన్నా చాలా నయం.