టోన్‌ఆర్మ్‌కు లక్ష పెట్టొచ్చా? రేగా ఆర్‌బీ 880తో నా అనుభవం

మా ఇంట్లో రేగా ప్లానార్ 3 రికార్డు ప్లేయర్ ఉంది. దానితో పాటు వచ్చిన ఆర్‌బీ 330 టోన్‌ఆర్మ్ (ముల్లును రికార్డు మీద మోసే కడ్డీ) తీసేసి, అదే కంపెనీ ఆర్‌బీ 880 బిగించుకున్నాను. తిరుపతి ఎండాకాలాలు కొన్ని చూసేసింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాయగలను. పన్నులు, రవాణా, చెన్నై రానుపోను ఖర్చులు కలిపి లక్షకు దగ్గర్లో పడింది. అంత డబ్బుకు తేడా ఉందా అంటే, ఉంది. అయితే అన్ని రికార్డుల మీదా వినపడదు. మిగతా సెట్ సరిగ్గా లేకపోతే అసలే వినపడదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. రేగాలో కింది రకం ఆర్మ్ కూడా బలహీనమైనదేమీ కాదు. 1983లో వాళ్లు ఆర్‌బీ 300 తెచ్చినప్పుడు ముల్లుండే కార్ట్రిడ్జ్‌ను బిగించే కొస (హెడ్‌షెల్) నుంచి ఆర్మ్ తిరిగే బేరింగ్ దాకా మొత్తం గొట్టాన్ని ఒకే పోతగా అల్యూమినియంతో పోశారు. మధ్యలో అతుకు లేదు, వదులయ్యే చోటు లేదు. 330 ఆ వంశంలోదే. అందుకే దాన్ని దాటి వెళ్లాలంటే ఖర్చు చాలా పెరుగుతుంది, వచ్చే లాభం మాత్రం చిన్నదిగా ఉంటుంది. చౌక ప్లేయర్ మీది ప్లాస్టిక్ ఆర్మ్ నుంచి 330కి మారినవాళ్లకు కలిగే ఆశ్చర్యం, 330 నుంచి 880కి మారితే కలగదు.

నేను పోల్చిన పద్ధతి ఇది. కార్ట్రిడ్జ్ అదే, ఆర్టోఫాన్ 2ఎం బ్రాంజ్. ఫోనో ఆంప్లిఫయర్, స్పీకర్లు, గోడకు బిగించిన అర (షెల్ఫ్) ఏవీ మార్చలేదు. కొత్త ఆర్మ్‌తో బాగా అలవాటు పడ్డాక దాన్ని తీసి పాత ఆర్మ్ మళ్లీ బిగించి కొన్ని వారాలు విన్నాను. కొత్త వస్తువు కొన్న వారంలో అందరికీ అన్నీ బాగానే వినిపిస్తాయి. తిరిగి పాతదానికి వెళ్లినప్పుడు ఏది లోటుగా తోస్తుందో అదే అసలు తేడా అని నా నమ్మకం.

నాకు లోటనిపించినవి రెండు. మొదటిది రికార్డు చివరి పాట. సుబ్బులక్ష్మి గారు పాడిన బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు మా ఇంట్లో నాయన కాలం నుంచి ఉన్నాయి, మా ఊళ్లో ఇవి వినని ఇల్లు అరుదు. ఏ వైపు పెట్టినా మొదటి పాటలో గొంతు నిండుగా ఉంటుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ‘స’, ‘శ’ పలికిన చోటల్లా సన్నటి గీర వస్తుంది. ఇది ముద్రణ లోపమని చాలామంది అనుకుంటారు. 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలో బయటి అంచున గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు ముల్లు కింద నుంచి నడుస్తుంది. లోపలి కొసన అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే పాటను సగం కంటే తక్కువ చోటులో ఇరికించినట్టు. ముల్లు ఏ కాస్త పక్కకు తిరిగి ఉన్నా అక్కడే బయటపడుతుంది.

దీనికి మొదటి మందు ఆర్మ్ కాదు, అమరిక. ఒక కొస మీద తిరిగే ఏ ఆర్మ్‌కైనా కోణం పక్కాగా కుదిరేది రెండు చోట్లే. బేర్‌వాల్డ్ అనే ఆయన కట్టిన లెక్కలో అవి కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 దగ్గర. కోణం గీతలున్న ప్రొట్రాక్టర్ కాగితం పెట్టి, టార్చ్ వేసి, కార్ట్రిడ్జ్ మరలు వదులు చేసి వెంట్రుకవాసి జరుపుతూ ఆ రెండు చోట్లా గీతలకు సూటిగా నిలిపితే గీరలో సగానికి పైగా పాత ఆర్మ్ మీదే పోయింది. ఈ పనికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. కొత్త ఆర్మ్ మిగిలినదాన్ని ఇంకా తగ్గించింది, పూర్తిగా తీసేయలేదు.

రెండోది మృదంగం. నా దృష్టిలో లక్షకు అసలు లెక్క ఇక్కడ తేలింది. పక్క వీధిలో మృదంగం వాయించే అన్న ఒకాయన ఉన్నారు. ఏ ఆర్మ్ ఉందో చెప్పకుండా, ఆయన్ను గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి ఒకే కచేరీ రికార్డు రెండు సాయంత్రాలు వినిపించాను. పాత ఆర్మ్ రోజు “బాగుంది” అని ఊరుకున్నారు. 880 పెట్టిన రోజు తని (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలైన కాసేపటికే చెయ్యెత్తి, “ఈరోజు తొప్పి విడిగా వినపడతా ఉండాదిబ్బా, రవ్వ కొంచెం తడి ఎక్కువ పెట్టినాడు ఆయప్ప” అన్నారు. తొప్పి అంటే మృదంగంలో లోతైన శబ్దమిచ్చే ఎడమ వైపు; దాని మీద అంటించే రవ్వ ముద్ద తడిని బట్టి గుమ్కీ (అక్కడ సాగే మోత) ఎంత లోతుగా సాగేదీ మారుతుంది. పాత ఆర్మ్‌లోనూ ఆ శబ్దం ఉంది, కానీ ఘటంతో కలిసిపోయి ముద్దగా వచ్చేది. బేరింగ్‌లో కదలిక తగ్గడం, ఆర్మ్ గట్టిదనం ఈ కింది స్వరాల్లో తెలుస్తాయని నా చెవి చెబుతోంది. కర్ణాటక కచేరీలు ఎక్కువగా వినేవాళ్లకు ఇది చిన్న సుఖం కాదు.

ఇక పనికిరాని చోట్లు. మధ్య రంధ్రం పక్కకు పోయిన రికార్డు మీద వయొలిన్ శ్రుతి ఊగుతుంటే ఏ ఆర్మ్ ఏమీ చేయలేదు. మేడ గదిలో మే నెలంతా పడి ఉండి వంగిపోయిన రికార్డులదీ అంతే. అరిగిన పాత సినిమా ఈపీల మీద నాకు రవ్వంత తేడా కూడా వినపడలేదు. మీ అల్మారాలో ఎక్కువ భాగం అవే అయితే ఈ ఖర్చు వద్దనే చెబుతాను. ఆ డబ్బులో కొంత రికార్డులు కడిగే మెషీన్‌కు పెట్టండి. మన ఊరి ఎర్ర దుమ్ము, పైన ఫ్యాన్ గాలి కలిసి గాడిలో చేరితే ఎంత మంచి ముల్లయినా దుమ్మునే చదువుతుంది. తర్వాత ముల్లు మార్చండి. ఆర్టోఫాన్‌లోనే కింది రకమైన 2ఎం రెడ్ ఉన్నవాళ్లు కార్ట్రిడ్జ్ కదపకుండా ముందున్న ముల్లు లాగేసి దాని పై రకం బ్లూ ముల్లు తొడుక్కోవచ్చు. ఆర్మ్‌కయ్యే ఖర్చులో చిన్న వంతుతో వచ్చే ఆ లాభం ఆర్మ్ ఇచ్చేదానికంటే పెద్దది.

ప్లేయర్ కింద పెట్టడానికి గ్రానైట్ పలక అడిగేవాళ్లు ఎక్కువ, కుప్పం వైపు రాయి మనకు దగ్గరే కదా. నేను పెట్టి చూసి తీసేశాను. తేలికైన ప్లేయర్‌కు గోడ అరే మేలు, నడిస్తే నేల అదిరినా ముల్లు గెంతదు.

కార్ట్రిడ్జ్ జత కూడా లెక్క చూసుకోవాలి. ఆర్మ్ ప్రభావ ద్రవ్యరాశి (కదిలేటప్పుడు ముల్లుకు తోచే బరువు) పదకొండు గ్రాముల చుట్టూ, 2ఎం బ్రాంజ్ బరువు 7.2 గ్రాములు. వీటికి ముల్లు సాగేగుణం కూడా కలిపి లెక్కేస్తే అనునాదం (ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి వాటంతట అవి ఊగే వేగం) 8 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 8 నుంచి 12 మధ్య ఉంటే మంచిదంటారు, కాబట్టి ఇది అంచున నెగ్గినట్టు. 2ఎం వరుస ఎత్తు ఎక్కువ, ఆర్మ్‌కు ఎత్తు మార్చే మర లేదు, అందుకని కింద 2 మిల్లీమీటర్ల స్పేసర్ వేయక తప్పలేదు. తరచూ కార్ట్రిడ్జ్‌లు మార్చేవాళ్లకు ఈ ఆర్మ్ విసుగు తెప్పిస్తుంది.

కొత్తది కొనలేక పాత ఆర్మ్ చూసేవాళ్లు బరువు సున్నాకు తెచ్చి ఆర్మ్‌ను గాలిలో తేలనివ్వండి. చిన్నగా ఊదితే ఎక్కడా తట్టుకోకుండా కదలాలి. హెడ్‌షెల్‌ను వేళ్లతో పట్టి మెల్లగా ఊపితే ‘టిక్’ మని ఏ చిన్న కదలిక తెలిసినా ధర ఎంత తక్కువైనా వదిలేయండి. అది బాగుంటే హెడ్‌షెల్ దగ్గరి నాలుగు తీగలు చూడండి: తెలుపు, నీలం ఎడమకు, ఎరుపు, పచ్చ కుడికి. వాటిని పట్టకారుతో లాగిన గుర్తులుంటే, తిరిగి అతికించే కూలి కూడా ధరలో తగ్గించమని అడగండి.