హోమ్‌కేర్ 'సెట్' అద్దెకు తీసుకునే ముందు: శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి జాగ్రత్త హెచ్చరిక

ఆపరేషన్ అయిన కొడుకునో కూతురినో విశాఖ నుంచి ఇంటికి తెచ్చుకుంటున్న వాళ్ళ కోసం ఇది. డిశ్చార్జి రోజున బిల్లు కౌంటర్‌కీ మందుల షాపుకీ మధ్య తిరుగుతుంటే ఎవరో ఒకాయన వచ్చి చేతిలో కార్డు పెడతాడు. మంచం, ఎయిర్ బెడ్ (పడుకునే వాళ్ళ ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు), వాకర్, కమోడ్ కుర్చీ అన్నీ కలిపి నెలకింత, అడ్వాన్స్ ఇంత, మీ అంబులెన్స్ కంటే ముందే మా బండి ఇంటికి చేరుతుంది అంటాడు. ఆ కంగారులో ఎవరైనా సరేనంటారు. ఆ వ్యాపారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్కరి పేరు రాస్తే మిగతా వాళ్ళంతా మంచివాళ్ళని చెప్పినట్టవుతుంది.

బొబ్బిలి వైపు ఒక ఇంట్లో ఇలాంటి సెట్ దిగింది. తొడ ఎముకలో రాడ్ వేసిన కుర్రాడు, ఆరడుగుల మనిషి, దగ్గర దగ్గర ఎనభై కిలోలు. వచ్చిన వాకర్‌ని ఆఖరి రంధ్రం దాకా లాగినా అతని మణికట్టు ఎత్తుకి రాలేదు. వాకర్ రెండు కాళ్ళకి తొడిగిన రబ్బరు బుష్‌లు అరిగి లోపలి గొట్టం బయటపడింది. ఎయిర్ బెడ్ పంపు మోత వినిపిస్తోంది కానీ గాలి ఒక వరుస బుడగల్లోకే పోతోంది. తీసుకుపొమ్మంటే నెల అద్దె ఎలాగూ పడుతుందని, పైగా 'డ్యామేజీ' కింద అడ్వాన్స్‌లో కోత వేస్తామని జవాబు.

అసలు అందులో సగం ఆ కుర్రాడికి అవసరమే లేదు. సెట్ అనే మాటలో ఉన్న మోసం అదే. పక్షవాతం వచ్చిన ముసలాయనకీ, కాలు విరిగిన పాతికేళ్ళ వాడికీ ఒకే మూట కట్టి పంపుతారు. తనంతట తాను పక్కకి ఒత్తిగిలగలిగే వాడికి, ఒంటి మీద స్పర్శ బాగా తెలిసే వాడికి సాధారణంగా ఎయిర్ బెడ్ పనిలేదు. గట్టి పరుపు వేసిన చెక్క మంచం చాలు. నవారు మంచం, నులక మంచం మాత్రం వద్దు. నడుము కిందికి దిగిపోతుంది, లేవాలంటే కాలి మీద బరువు పడుతుంది. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు కంటే తుంటి కాస్త ఎత్తులో ఉండాలి. ఎత్తు చాలకపోతే ఇటుకలు పేర్చకండి, జారతాయి. వడ్రంగి చేత నాలుగు చెక్క దిమ్మలకి మధ్యలో గుంట తీయించి మంచం కోళ్ళు అందులో దించండి.

ఆసుపత్రి మంచమే కావాలని డాక్టరు చెప్తే, ఏ రకమో కూడా ఆయన్నే అడగండి. తల వైపు మాత్రమే లేచేది సెమీ ఫౌలర్, దానికి కాళ్ళ దగ్గర ఒకే హ్యాండిల్. మోకాళ్ళ దగ్గర కూడా లేచేది ఫౌలర్, రెండు హ్యాండిళ్ళు. రెండో దానికి అద్దె ఎక్కువ. పొట్ట ఆపరేషన్ అయిన వాళ్ళకి మోకాళ్ళు కొద్దిగా మడిస్తే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది కాబట్టి అది పనికొస్తుంది. కాలి ఆపరేషన్ అయిన వాళ్ళకి హాయిగా ఉందని రోజంతా మోకాలి వైపు ఎత్తి ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది, పిక్కల్లో రక్తం నెమ్మదిస్తుంది. దిండు విషయంలోనూ ఇంతే. మోకాలి కింద కాదు, పిక్క కింద పెట్టండి, మడమ గాల్లో తేలాలి. మడమల మీద పుండు పడితే మానడానికి అసలు గాయం కంటే ఎక్కువ కాలం పట్టొచ్చు.

బండి గుమ్మం ముందు ఉండగానే, డబ్బు ఇవ్వకముందే చూసుకోవాల్సినవి ఇవి. హ్యాండిళ్ళు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, మధ్యలో పట్టేస్తే స్క్రూ అరిగినట్టే. చక్రాల బ్రేకులు వేసి మీరే గట్టిగా తోయండి. చిన్నపిల్లలు పరుగెత్తే ఇంట్లో, హాల్లో వేసిన మంచానికి బ్రేకు సరిగ్గా పట్టకపోతే రోగి దిగుతున్న క్షణంలో అది వెనక్కి జరుగుతుంది. మంచం మూడడుగుల వెడల్పు. మన పాత పెంకుటిళ్ళ తలుపులు చాలావరకు రెండున్నర అడుగులకి మించవు. విడగొట్టి లోపల బిగించి ఇస్తామని ముందే ఒప్పించుకోకపోతే, గుమ్మం బయట దించేసి వెళ్ళిపోతారు.

ఎయిర్ బెడ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎక్కువ హాని జరిగేది దీంతోనే. బుడగలు రెండు వరుసలుగా ఉంటాయి, కొన్ని నిమిషాలకోసారి ఒక వరుస ఉబ్బితే మరోటి సడలాలి. గొట్టాలు రెండు. ఏది మడత పడినా, ఊడినా ఒక వరుస చచ్చిపోతుంది, పంపు మాత్రం ఆడుతూనే ఉంటుంది. అందుకని మోత విని నమ్మకండి. మనిషిని పడుకోబెట్టాక పిరుదుల కింద, ఎయిర్ బెడ్‌కీ దాని కింది నురుగు పరుపుకీ మధ్య అరచెయ్యి దూర్చండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. ఎముక తగిలితే ఆ బెడ్ ఉన్నా లేనట్టే. దాన్ని నేరుగా మంచం రేకు మీద వేయకూడదు, కింద నురుగు పరుపు ఉండాలి. పైన ఒకే పల్చటి నూలు దుప్పటి. మెత్తగా ఉంటుందని అమ్మమ్మ ఇచ్చిన బొంత పరిచారో, డబ్బు పెట్టి తెచ్చిన గాలి మొత్తం వృథా.

జనం ఎక్కువున్న ఇళ్ళలో ఇంకో చిక్కుంది. మంచం పక్కన ప్లగ్గు ఒకటే ఉంటుంది. పలకరించడానికొచ్చిన బావగారు పంపు ప్లగ్గు పీకి ఫోన్ ఛార్జింగు పెడతాడు. చవక పంపులకి అలారం ఉండదు. సాయంత్రానికి బెడ్ చదునైపోతుంది, ఎవరికీ తెలియదు. ఆ ప్లగ్గు మీద టేపు అంటించి 'తీయొద్దు' అని రాయండి. పంపు తీసుకునే కరెంటు చాలా తక్కువ, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైనుకే కలపండి. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే ఇది తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు పలాస, ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేకపోతే నురుగు పరుపు మీదికి మార్చేయండి. ఎయిర్ బెడ్ ఉన్నా లేకపోయినా, తనంతట కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే. బెడ్ ఉంటే తిప్పక్కర్లేదని చెప్పే అమ్మకందారుని అక్కడితో ఆపేయండి.

ఎదిగిన పిల్ల మంచం మీద కిందికి జారితే చంకల కింద చేతులు వేసి పైకి లాగకండి. తల్లి నడుము పోతుంది, పిల్ల భుజం నొప్పెడుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు చేసి భుజాల నుంచి పిరుదుల దాకా కింద పరచండి, ఇద్దరు రెండు అంచులూ పట్టుకుని ఒకేసారి పైకి జరపండి. సెట్‌లో 'ట్రాన్స్‌ఫర్ షీట్' అని వేరే డబ్బు తీసుకునేది దాదాపు ఇదే పనికి.

వాకర్‌కి కొలత సులువు. చెప్పులు వేసుకుని నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎక్కడికి వస్తుందో పిడి అక్కడ ఉండాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. మనిషి ఇంకా లేచి నిలబడలేకపోతే ఫిజియోథెరపిస్టు చేత కొలత రాయించుకోండి. నాలుగు కాళ్ళ బటన్ పిన్నులూ ఒకే వరుస రంధ్రాల్లో టిక్‌మని బయటికి రావాలి. బుష్‌లు సర్జికల్ షాపుల్లో విడిగా దొరుకుతాయి, అరిగినవి ఒక్కరోజు కూడా వాడకండి, తడి టైల్స్ మీద ఇనుప గొట్టం నిలవదు. చంక కర్రలు ఇస్తే చంకకీ కర్రకీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉంచండి. బరువు అరచేతుల మీద పడాలి. చంక మీద వేలాడితే నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

తుంటి కీలు మార్చిన వాళ్ళకి పొట్టి కమోడ్ కుర్చీ ప్రమాదం. తుంటి తొంభై డిగ్రీలకి మించి మడవొద్దని డాక్టరు చెప్పి ఉంటే, సీటు మోకాలి కంటే పైన ఉండేది అడగండి. పీట, నేల మీద భోజనం, ఇండియన్ టాయిలెట్ ఆయన ఒప్పుకునేదాకా బంద్. ఇంకో మాట. వయసొచ్చిన కొడుకు అమ్మ చేత కుండ తీయించుకోడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేస్తాడు. మలబద్ధకం అక్కడే మొదలవుతుంది. అన్నదమ్ములో, బావమరిదో ఒకరిని ఆ పనికి కేటాయించండి, ఒక తెర కట్టండి.

సెట్‌తో పాటు అంటగట్టే ప్రోటీన్ డబ్బాకి డాక్టరు చీటీ లేకపోతే డబ్బు పెట్టకండి. పప్పు తింటే చీము పడుతుందని పత్యం పెట్టి, మళ్ళీ వేలు పోసి డబ్బా కొనడం మన దగ్గరే చూస్తాం. గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. డాక్టరు వద్దనకపోతే గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు పెట్టండి.

'నర్సు' అని పంపే మనిషికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. లేకపోతే కేర్‌టేకరే. స్నానానికి, తిప్పడానికి సరే, సూది వేయడానికి కాదు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు మోతాదు ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే గడ్డ, రెండు వైపులా ప్రమాదమే. ఒక్క కాలి పిక్కే వాచి నొప్పిగా ఉంటే అక్కడ రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే డాక్టరుకి చూపించండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108 కి ఫోన్ చేయండి, కేర్‌టేకర్ సలహా కోసం ఆగకండి.

చివరగా కాగితం. తెల్ల చీటీ వద్దు. వస్తువు పేరు, అద్దె మొదలైన తేదీ, అడ్వాన్స్, పాడైతే ఎన్ని గంటల్లో మారుస్తారు, ముందే తిరిగిస్తే అద్దెలో ఎంత తగ్గిస్తారు అన్నీ ఉన్న బిల్లు తీసుకోండి. దించుకున్నప్పుడు, తిరిగిచ్చేటప్పుడు బుష్‌లు, పంపు, హ్యాండిళ్ళు వీడియో తీయండి. అడ్వాన్స్ వెనక్కి వేస్తామని క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటే చేయకండి, డబ్బు రావడానికి మీ పిన్ అక్కర్లేదు. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దానికీ లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు వేయొచ్చు, మీరు చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు ఉండదు. వీడియో, బిల్లు, ఫోన్‌పే రసీదు మూడూ ఉంచుకోండి.