సమాంతర చతుర్భుజం కోణాల లెక్కలకి ఈ సైంటిఫిక్ క్యాలిక్యులేటర్: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

కొని ఆరు నెలలు దాటింది. గ్రాఫులు గీసే రకం కాదు, మామూలు సైంటిఫిక్ క్యాలిక్యులేటరే, పైన మనం కొట్టింది కింద జవాబు కనపడే రెండు లైన్ల డిస్‌ప్లే. మా తమ్ముడి కూతురికి త్రికోణమితి చెప్పడానికి తీసుకున్నా, మూడు వారాల నుంచి ఇద్దరం సమాంతర చతుర్భుజంలో తెలియని కోణాలు కనుక్కునే లెక్కలే పట్టుకుని కూర్చున్నాం కాబట్టి ఆ పనికి ఇదెలా ఉందో అంతవరకే రాస్తున్నా.

ఎదురెదురు కోణాలు సమానం, పక్కపక్క కోణాలు కలిపితే 180, అంటే ఒక్క కోణం దొరికితే నాలుగూ వచ్చేసినట్టే. ఆ ఒక్కటీ రాబట్టడానికే క్యాలిక్యులేటర్. భూమి 10, వాలు భుజం 7, ఎత్తు 6 అనుకోండి. ఎత్తు గీయగానే లోపల లంబకోణ త్రిభుజం వచ్చేస్తుంది, సైన్ విలువ 6/7. షిఫ్ట్ నొక్కి సైన్ నొక్కి 6÷7 బ్రాకెట్లో కొడితే 58.997 అని చూపించింది, డిగ్రీ నిమిషాల బటన్ నొక్కితే 58 డిగ్రీల 59 నిమిషాల 50 సెకన్లు, పక్క కోణం దాదాపు 121. ఇంతవరకు చాలా హాయిగా ఉంది, బటన్లు మెత్తగా దిగుతాయి, జవాబు వెంటనే వస్తుంది.

మోడ్ విషయంలో, అంటే కోణాన్ని ఏ కొలతలో చూపించాలన్న సెట్టింగ్ విషయంలో మాత్రం జాగ్రత్త. రేడియన్లలో ఉంటే ఇదే లెక్కకి 1.0297 వస్తుంది, అంత చిన్న కోణమేంటని ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి పర్వాలేదు. అసలు ప్రమాదం మూడో మోడ్, గ్రేడియన్. అందులో లంబకోణం 90 కాదు 100, అందుకే ఇదే లెక్కకి 65.55 అని చూపిస్తుంది, చూడ్డానికి నిజమైన కోణంలాగే ఉంటుంది, 180లోంచి తీసేసి 114.45 రాసుకుని సంతోషంగా తర్వాతి లెక్కకి వెళ్ళిపోతాం. మాకు ఒకరోజు నాలుగు లెక్కలు ఇలాగే పోయాయి. ఇప్పుడు ఆన్ చేయగానే ముందు సైన్ 30 కొడతాం, 0.5 వస్తేనే మొదలు.

ఇక నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం సైన్ ఇన్వర్స్ బటన్, అదే ఇందాకటి షిఫ్ట్ సైన్, సైన్ విలువ ఇస్తే కోణం చెప్పేది. భుజాలు 9, 5, ఒక కర్ణం 12 ఇచ్చి కోణాలన్నీ కనుక్కోమన్న లెక్క. (ముందు పిల్ల కర్ణం అన్న మాట చూసి పైథాగరస్ పెట్టేసింది. మన భాషలో లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజమూ కర్ణమే, చతుర్భుజంలో ఎదురు మూలల్ని కలిపే గీతా కర్ణమే, దాని తప్పేం లేదు, ఒకసారి విడదీసి చెప్తే సరిపోయింది.) కర్ణానికీ 9 భుజానికీ మధ్య కోణం 22.19 అని వచ్చాక, మూలలో ఉన్న కోణానికి సైన్ సూత్రం (త్రిభుజంలో ప్రతి భుజానికీ దాని ఎదురు కోణం సైన్‌కీ నిష్పత్తి ఒకటే) వాడింది, 12 × సైన్ 22.19 ÷ 5, విలువ 0.9065 దాకా వచ్చింది, సైన్ ఇన్వర్స్ నొక్కితే 65.02. కర్ణానికి ఎదురుగా ఉన్న మూలలో 65 రాసేసింది. తప్పని చెప్తే, "అత్తా, 65 కూడా ఇందులో ఉన్న కోణమే కదా, మరి తప్పెలా అయింది?" అంది.

ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది, ఎందుకంటే ఇబ్బందంతా అక్కడే ఉంది. 65కీ 115కీ సైన్ ఒకటే, ఆ రెండిట్లో క్యాలిక్యులేటర్ ఎప్పుడూ చిన్నదే ఇస్తుంది, ఈ బటన్ మైనస్ 90 నుంచి 90 దాటి ఏ జవాబూ చెప్పదు. మామూలు త్రిభుజంలో అయితే మూడు కోణాలు కూడితే 180 రాక తప్పు బయటపడుతుంది. సమాంతర చతుర్భుజంలో పక్కపక్క కోణాలు ఎలాగూ 65, 115 కాబట్టి అంకెలు రెండూ సరైనవే ఉంటాయి, మూలలు మాత్రం తారుమారు అవుతాయి, బొమ్మ చూడకపోతే అస్సలు తెలీదు.

అందుకే కర్ణం ఇచ్చిన లెక్క అయితే మేం కాస్ ఇన్వర్సే వాడుతున్నాం. కొసైన్ సూత్రం ప్రకారం రెండు భుజాల వర్గాలు కూడి, కర్ణం వర్గం తీసేసి, భుజాల లబ్ధానికి రెట్టింపుతో భాగించాలి: (81 + 25 − 144) ÷ (2 × 9 × 5), అంటే −0.4222, కాస్ ఇన్వర్స్ నొక్కితే నేరుగా 114.98. మైనస్ గుర్తే అధికకోణం (90 దాటినది) అని చెప్పేస్తుంది, ఊహించాల్సిన పనిలేదు. ఇంకా ముందే కావాలంటే భుజాల వర్గాలు కూడి చూడండి, 106, కర్ణం వర్గం 144, కర్ణం వర్గం పెద్దదైతే దాని ఎదురుగా ఉన్నది అధికకోణమే. బ్రాకెట్లు మాత్రం రెండు వైపులా పెట్టాలి, కింది బ్రాకెట్ మర్చిపోయి ÷ 2 × 9 × 5 అని కొడితే −855 వస్తుంది. మధ్యలో −0.42 అని కుదించి మళ్ళీ కొట్టినా కోణం 114.83కి జారిపోతుంది, ఆన్సర్ బటన్ ఉంది కదా, అదే వాడండి.

ఎర్రర్ మెసేజ్ వస్తే భయపడక్కర్లేదు, నాకైతే ఈ మెషీన్‌లో బాగా ఉపయోగపడింది అదే. అవే భుజాలకి కర్ణం 15 ఇస్తే కాస్ విలువ −1.32 అయి ఎర్రర్ వచ్చింది, 9, 5 కలిపినా 14 కదా, అలాంటి బొమ్మే ఉండదు. ఇంకోటి, రెండు కర్ణాల మధ్య కోణం. వైశాల్యానికి రెట్టింపుని భుజాల వర్గాల తేడాతో భాగించి ట్యాన్ ఇన్వర్స్ కొడితే వస్తుంది, మా లెక్కలో వైశాల్యం 40.79, తేడా 56, కోణం 55.5. సమచతుర్భుజానికి ఇదే కొడితే తేడా సున్నా అయి ఎర్రర్ చూపిస్తుంది, అక్కడ జవాబు 90, కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి. ఆ స్క్రీన్ చూసి పిల్ల తనంతట తనే 90 అని చెప్పిన రోజు నాకు చాలా ఆనందం వేసింది.

నచ్చనిది ఒక్కటే, ఏ మోడ్‌లో ఉందో చెప్పే అక్షరం స్క్రీన్ పైన మరీ చిన్నగా ఉంది, కాస్త వెలుతురు తగ్గితే కనపడదు. దానికే ఒక స్టార్ తగ్గించి 4 ఇస్తున్నా. మూత జారుడు గట్టిగానే ఉంది, రెండుసార్లు కింద పడింది, ఏమీ కాలేదు.